ఆమె వైపు కార్పెట్

పెయింటు షెడ్డు వెనక గది

ఏరా టైలరూ,

ఈ పార్సిల్ మీ ఇంటికి పంపకుండా నీ షాపుకు ఎందుకు పంపానా అని బుర్ర గోక్కోకు. ఇంటికి పంపితే మీ అక్క విప్పుతుంది. ఫోన్ చేస్తే మీ అక్కే ఎత్తుతుంది. అందుకే కాగితం పట్టాను. బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. అక్షరాల్లో తప్పులుంటే నవ్వుకో, ఫరవాలేదు.

అట్టపెట్టె విప్పగానే గుర్తుపట్టే ఉంటావు. అది మా కారే. మీ అక్క ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన కారు, ఎనిమిదో వంతు సైజులో. బాడీ నా దగ్గరే ఉంది. రేకు కొట్టి, రుద్ది, అదే నీలం రంగు వేశాను. ఎండకు వెలిసిపోయిన నీలం కాదు, షోరూములోంచి బయటికొచ్చిన రోజు ఉన్న నీలం. నీకు పంపింది కారు నేలగా ఉండే రేకు పళ్ళెం, సీట్ల చట్రాలు, పెడళ్ళు. పెడళ్ళు నొక్కి చూడు, కదులుతాయి. నేర్పేవాళ్ళ వైపు ఉండే రెండో బ్రేకు నొక్కితే, తీగ లాగి నేర్చుకునేవాళ్ళ వైపు బ్రేకు కూడా దిగుతుంది. అసలు కారులో ఎలా ఉండేదో అలాగే. కారును తుక్కుకు వేసేముందు అన్నీ కొలిచి పెట్టుకున్నాను.

లోపలి పని నాకు చేతకాదు. నీ బతుకే సీటు కవర్లూ కార్పెట్లూ కాబట్టి అది నీ నెత్తిన పెడుతున్నాను. సీట్లు కుట్టు, కింద కార్పెట్ వెయ్యి. కార్పెట్ కొత్తగా ఉండాలి. ఒక్క మరక, ఒక్క అరుగుదల కనిపించకూడదు.

పూర్తయ్యాక నేనే వచ్చి ఆమె చేతిలో పెడతాను. చూస్తుంది, మనసు కరుగుతుంది, బట్టలు సర్దుకుని నాతో బయలుదేరుతుంది. అంతకుమించి బతిమాలడం నావల్ల కాదు. నోటితో చెప్పలేనివి చేతులతో చెప్పే రకం నేను, ఆ సంగతి మీ ఇంటిల్లిపాదికీ తెలుసు. అప్పటిదాకా ఆమెకు ఒక్క ముక్క తెలియకూడదు.

మీ బావ


సీటు కవర్ల షాపు, మెట్ల కింద

బావా,

కారు అందింది. ముందు మెచ్చుకోళ్ళు. పొద్దుటినుంచీ ఆ బుల్లి బ్రేకు నొక్కుతూనే కూర్చున్నాను, షాపుకొచ్చినవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. కార్లకు రంగులు వేస్తూ వేస్తూ తల నెరిసినా కారు నడపడం మాత్రం రాని మనిషి ఇంత బాగా బ్రేకు చేశాడంటే ఎవరూ నమ్మరు. అక్క నేర్పుతానంటే 'పెళ్ళాం దగ్గర పాఠాలా' అని మీసం మెలేశావు, గుర్తుందా?

ఇక తిట్లు. నా దగ్గరున్న కార్పెట్లలో అతి పల్చనిది కోసి పళ్ళెంలో పరిస్తే, కారు గడ్డివాములో దిగబడినట్టుంది. అసలు కార్పెట్ పోగు ఈ సైజుకు తాడంత లావు. గుడ్డతో అయ్యే పని కాదని తేలిపోయింది. చివరికి నగల డబ్బాలు చేసే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. డబ్బా లోపల మెత్తగా తగిలేది గుడ్డ కాదట బావా, నూగు. సన్నగా తరిగిన పోగుల పొడి. ఫ్లాకింగ్ అంటారట ఆ పనిని. జిగురు పూసి, టీ వడకట్టే జల్లెడలో పొడి పోసి, పైనుంచి చల్లాలి. ఆరాక తిరగేసి తడితే అంటుకోనిది రాలిపోతుంది, అంటుకున్నది కార్పెట్ అవుతుంది. ఆయన నాకు ఇంత పొడి పొట్లం కట్టి ఇచ్చి, 'తుమ్ము వస్తే బయటికెళ్ళి తుమ్ము' అని మాత్రం చెప్పాడు.

మొదటిసారి తెల్ల జిగురు మీద నేరుగా చల్లాను. సందుల్లోంచి తెల్లగా కనిపించి గజ్జికుక్క వీపులా తయారైంది. మొత్తం గీకేశాను. రెండోసారి ముందు పళ్ళానికి కార్పెట్ రంగే వేసి, అది ఆరాక జిగురు పూసి చల్లాను. ప్లాస్టిక్ దువ్వెనను జుట్టుకు రుద్ది పైన పట్టుకుంటే పడుకున్న పోగులన్నీ లేచి నిలబడ్డాయి. నీమీదొట్టు, వేలితో తాకితే అసలు కార్పెట్టే.

ఇప్పుడు నీకు నచ్చని మాట. అక్క ఇక్కడికొచ్చి ఇన్నాళ్ళయినా పెట్టె పూర్తిగా విప్పలేదు. పైపైన నాలుగు చీరలు తీసి కట్టుకుంటోంది. బస్సు డిపోలో టికెట్ కౌంటర్ దగ్గర ఉద్యోగం ఉందట, నెలాఖరులోగా అవునో కాదో చెప్పమన్నారు. అవునంటే ఇక ఇక్కడే ఉండిపోతుంది, మళ్ళీ స్టీరింగ్ జోలికి వెళ్ళదు. ప్రమాదం జరిగిన ఆ మలుపు గురించి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నేర్చుకుంటున్న ఆ అమ్మాయి బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కింది, అక్క తన వైపు బ్రేకు తొక్కింది, అది దిగలేదు, కారు వెళ్ళి గోడను గుద్దింది, ఆ అమ్మాయి మణికట్టు విరిగింది. 'నేను తొక్కాన్రా, దిగలేదు' అంటుంది. మీ మెకానిక్ చూసి బ్రేకు బాగానే ఉందన్నాడు. డ్రైవింగ్ స్కూలు ఓనరు ఇక రావద్దన్నాడు. అవి రెండూ అక్క తట్టుకుంది. షెడ్డులో అందరిముందూ నువ్వు అన్న మాటే తట్టుకోలేకపోయింది. 'తొక్కి ఉంటే ఆగేది' అన్నావు. ఆ తర్వాత మాటమాత్రం చెప్పకుండా కారును తుక్కుకు వేశావు. ఇప్పుడు దాని బొమ్మ చేతిలో పెడితే కరుగుతుందా? నాకైతే నమ్మకం లేదు. అయినా చేస్తున్నాను, నువ్వు అడిగావు కాబట్టి.

ఒక ప్రశ్న. ఆ కారులో కార్పెట్ కింద మెత్తకు వేసే ఫెల్టు వేశావా? ఎంత మందం? అది తెలియకపోతే సీట్లు సరైన ఎత్తులో కూర్చోవు.

నీ బావమరిది


పెయింటు షెడ్డు వెనక గది

ఏరా,

నువ్వు కార్పెట్ వెయ్యి చాలు, పెద్దమనిషి వేషం వెయ్యకు.

నేనన్నదాంట్లో అబద్ధం ఏముంది? మెకానిక్ నా కళ్ళముందే నేల విప్పాడు, కేబుల్ పట్టి చూశాడు, పెడల్ తొక్కి చూపించాడు. చివరిదాకా దిగింది. బాగున్న బ్రేకు తొక్కితే కారు ఆగుతుంది. ఆ రోజు ఆగలేదు. అలాంటి చోట ఎవరికైనా కాళ్ళు చల్లబడతాయి, నాకూ చల్లబడేవి. కంగారుపడ్డానని ఒక్క మాట ఒప్పుకుంటే నేను ఆ మాట అనేవాణ్ణే కాదు. కారు తుక్కుకు వేసింది కూడా, గుద్దుకున్న ముక్కును రోజూ చూసి ఏడవకూడదని. నేను ఏం చేసినా ఆమె కోసమే చేశాను. మీ ఇంట్లో అది ఎవరికీ ఎక్కదు.

మందం సంగతి. నేర్చుకునేవాళ్ళ వైపు ఒక పొర ఫెల్టు, దానిమీద కార్పెట్. మీ అక్క వైపు రెండు పొరల ఫెల్టు. ఆ వైపు నేల కింద సైలెన్సర్ గొట్టం పోతుంది. అరికాలు కాలిపోతోందని ఒకసారి అంది. తను ఇంట్లో లేనప్పుడు పాత కార్పెట్ పీకేసి, నీ షాపు నుంచి తెప్పించుకున్న ఫెల్టే రెండు మడతలు అంటించి, పైన కొత్త కార్పెట్ పరిచాను. చేత్తో పెడల్ కూడా నొక్కి చూశాను. ఆ ప్రమాదానికి ముందు వారమే ఇదంతా. ఆమెకు చెప్పలేదు. చెబితే 'ఎవరడిగారు' అంటుంది. కాలు కాలడం మానిందని కూడా అనలేదు చూడు. మనం చేసిన మంచి ఎవరికీ కనిపించదు.

బొమ్మలో కూడా ఆమె వైపు రెండు పొరలూ వెయ్యి, ఎనిమిదో వంతు లెక్కన దించి. పైకి ఎవరికీ కనిపించకపోయినా నాకు తెలుస్తుంది. తీగలో కాస్త వదులు పెట్టాను చూశావా, దాన్ని బిగించకు. అసలు కారులోనూ అంతే, పెడల్ సగం దిగాకే పట్టు మొదలయ్యేది.

ఆ కౌంటర్ ఉద్యోగానికి అవునని చెప్పనివ్వకు. ఏదో ఒకటి చెప్పి ఆపు.

మీ బావ


సీటు కవర్ల షాపు, మెట్ల కింద

బావా,

దొరికిపోయాను.

తప్పు నాదే. నువ్వు చెప్పినట్టు అక్క వైపు రెండు పొరలూ వేసి నూగు చల్లి, ఒంటి మీద నూగు దులుపుకోకుండా ఇంటికి వెళ్ళాను. కనుబొమల మీద, చొక్కా కాలరు మీద, ఆఖరికి నా పాలగ్లాసులో కూడా బూడిదరంగు నూగు తేలింది. అక్క అది చూసింది. మర్నాడు టిఫిన్ డబ్బా ఇచ్చే వంకతో షాపుకు వచ్చింది, తిన్నగా మెట్ల కిందికి వచ్చి నిలబడింది. బల్ల మీద గుడ్డ కప్పబోయాను. చెయ్యి పట్టుకుంది.

"ఎవరిదిరా ఈ కారు?"

"కస్టమర్‌ది."

"ఆ కస్టమర్‌కి మీసాలున్నాయా?"

ఇక ఏం దాస్తాను చెప్పు? స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను, ఏడవలేదు. కోప్పడనూ లేదు. "ఇంత కొత్తగా ఎప్పుడుందిరా ఇది?" అంది. తర్వాత అగ్గిపుల్ల తీసుకుని తన వైపు కార్పెట్ మీద ఒక చోట చూపించింది. "ఇక్కడ నా మడమ గుంట ఉండేది. ఏళ్ళ తరబడి అక్కడే పెట్టేదాన్ని. చూడకుండానే కాలు అక్కడికి వెళ్ళేది. మీ బావ చెప్పాపెట్టకుండా కొత్త కార్పెట్ వేశారు. ఆ వారమంతా నా కాలు ఎక్కడుందో నాకే తెలిసేది కాదు."

ఆ మాట అని, వంగి, తన వైపు పెడల్‌ను గోటితో ఒకసారి నొక్కింది. వదిలేసింది. మళ్ళీ నొక్కలేదు. నా నెత్తిమీద నూగు దులిపి, ఖాళీ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. 

బావా, పెడళ్ళ కొలతలు మళ్ళీ ఒకసారి చూసి రాయి. పెడల్ పొడవు, నేల నుంచి దాని ఎత్తు. ఎందుకని అడగకు. ముందు కొలిచి రాయి.

నీ బావమరిది


పెయింటు షెడ్డు వెనక గది

ఏరా టైలరూ,

నా కొలతలకే వంక పెట్టేంత పెద్దవాడివయ్యావా? అసలు పెడల్ ఊడదీసి నా దగ్గరే మేకుకు తగిలించుకున్నాను. ఇప్పుడే దింపి మళ్ళీ కొలిచాను, వెంట్రుకంత తేడా లేదు. ఎక్కడైనా పట్టేస్తుంటే అది నీ జిగురు పేరుకుపోయి ఉంటుంది. గీకి మళ్ళీ వెయ్యి.

ఆమె చూసిందంటే మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే అదీ మంచిదే అనిపించింది. చేత్తో ముట్టుకుంది కదా! పారెయ్యలేదు కదా! మడమ గుంట గురించి చెప్పిందన్నావు, అది రాసిన ముక్క చాలాసార్లు చదువుకున్నాను. కావాలంటే ఆ గుంట పెట్టు. నాకేం పట్టుదల లేదు.

బాడీకి ఆఖరి పాలిష్ అయిపోయింది. నెలాఖరుకు ముందే నేను వస్తాను. ఆమె పెట్టె సర్ది ఉంచు, ఎలాగూ సగం సర్దే ఉందన్నావు కదా. అంతవరకు డిపో వైపు వెళ్ళకుండా చూసే పూచీ నీది.

నువ్వు దేనికో నసుగుతున్నావు. అదేమిటో నేరుగా చెప్పు. సస్పెన్సులు నాకు పడవు.

మీ బావ


సీటు కవర్ల షాపు

బావగారికి,

నేరుగా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

నా జిగురు పేరుకోలేదు. మొత్తం గీకి, మీ కొలతల ప్రకారమే మళ్ళీ వేశాను. ముందు అక్క వైపు ఒక్క పొర ఫెల్టు వేసి, పైన నూగు చల్లి, ఆరనిచ్చి నొక్కాను. పెడల్ చివరిదాకా దిగింది, అటు బ్రేకు పూర్తిగా పట్టింది. తర్వాత మీరు చెప్పినట్టు రెండో పొర వేశాను. నూగు చల్లాను, ఆరనిచ్చాను, నొక్కాను. సగం దాటి కొంచెం దిగి కార్పెట్‌కు ఆనుకుని ఆగిపోయింది. మెల్లగా వెళ్ళే కారును ఆపడానికి ఆ పట్టు చాలు. చేత్తో మెల్లగా నొక్కి చూసినా ఏ తేడా తెలియదు. కానీ గట్టిగా తొక్కాల్సి వస్తే ఇక దిగడానికి చోటు లేదు. ఎంత బలంగా నొక్కినా లేదు. నా వేలి గోరు విరిగింది.

మీ మెకానిక్ పెడల్ తొక్కి చూపించాడన్నారు. నేల విప్పాలంటే ముందు కార్పెట్ తీసెయ్యాలి కదా. తీసేశాకే తొక్కి ఉంటాడు. అప్పుడు ఎందుకు దిగదు?

కార్పెట్ల పని చేసి బతికేవాణ్ణి నేను. పెడల్ కింద రెండు పొరలు వెయ్యకూడదని నాకు తెలుసు. మీరు ఫెల్టు పంపమంటే దేనికని నేను అడగలేదు, దేనికని మీరు చెప్పలేదు.

అక్క తొక్కింది బావగారూ. ఆ రోజు నుంచి అదే చెబుతోంది. మనలో ఒక్కరమైనా నమ్మామా? నేను నమ్మినట్టు తల ఊపాను, లోపల మాత్రం పాపం కంగారుపడి ఉంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు ఆమె అన్నం వడ్డించే వేళకు షాపులోనే ఉండిపోతున్నాను.

ఈ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేను కాదు.

మీ బావమరిది


షెడ్డు

ఒరేయ్,

నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. బొమ్మను చూసి అసలు కారుకు తీర్పు చెప్పేవాడివా నువ్వు అని తిడుతూ ఒక కాగితం నిండా రాశాను కూడా. అది పంపలేదు.

తుక్కు కొట్టువాడి దగ్గరికి పరిగెత్తాను. కారు ఎప్పుడో కరిగిపోయింది. తిరిగొచ్చి బల్ల ముందు చతికిలబడ్డాను. అప్పుడు చూశాను. మెకానిక్ పీకి మూలన పడేసిన ఆమె వైపు కార్పెట్, నేను మోకాళ్ళ కింద వేసుకున్నాను. అడుగు పైకి తిప్పి పరుచుకున్నాను, రంగు చుక్కలు పడతాయని. ఇన్ని నెలలూ దానిమీద మోకరిల్లి కూర్చునే ఆ బొమ్మ చేశాను.

తిరగేశాను. అచ్చు పడి ఉందిరా. పెడల్ కింది అంచు నెలవంకలా కార్పెట్‌లోకి దిగిపోయింది. పెడల్ రబ్బరు మీద గీతలుంటాయే, ఆ గీతలు కూడా ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. మేకుకున్న పెడల్ దింపి ఆ అచ్చులో పెట్టాను. సరిపోయింది. కింద అంటుకుని వచ్చిన ఫెల్టు అట్టలా గట్టిపడిపోయింది అక్కడ. ఎంత బలంగా తొక్కి ఉంటే అలా అవుతుంది! తన ప్రాణమంతా పెట్టి తొక్కింది. నేనేమో కాలు కాలకూడదని వేశాను.

 నువ్వే చెప్పరా ఆమెకు. కార్పెట్ పార్సిల్ కట్టి నీకు పంపుతాను, నువ్వు చూపించు, నువ్వయితే నెమ్మదిగా చెబుతావు. ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేదు. నీకు దణ్ణం పెడతాను.

మీ బావ


సీటు కవర్ల షాపు

బావగారూ,

కార్పెట్ నాకు పంపకండి. పంపితే విప్పకుండా తిప్పి పంపుతాను.

అక్క కోసం మీరు చేసేవన్నీ అక్కకు తెలియకుండానే చేస్తారు. ఫెల్టు వేసినా, కారు తుక్కుకు వేసినా, ఈ బొమ్మ చేసినా. ఆఖరికి క్షమించమని అడగడం కూడా ఆమెకు తెలియకుండా నా నోటితో చేయిద్దామనుకుంటున్నారా? ఆ మాట అన్నది అందరిముందూ. అన్నది మీరు. నేను కాదు.

అక్క డిపో కాగితాలు తెచ్చుకుంది. నిన్న సంతకం చేయడం చూశాను. నెలాఖరు ఎంతో దూరంలో లేదు. నాకు జ్వరమని అబద్ధం చెప్పి షాపులో కూర్చోబెట్టుకుని ఒకటి రెండు రోజులు ఆపగలను, అంతకుమించి నావల్ల కాదు. నాకు కాదు, ఆమెకు రాయండి. ఇంటి అడ్రసుకు రాయండి. స్పీడ్ పోస్టులో వెయ్యండి.

మీమీద కోపం లేదని అనను. కానీ మీరు రాస్తారనే నమ్ముతున్నాను.

మీ బావమరిది


ఇంటి నుంచి

టీచరమ్మకు,

షెడ్డులో అందరూ నిన్ను ఇలాగే పిలుస్తారు. నేను ఎప్పుడూ పిలవలేదు. పెళ్ళయ్యాక నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు, ఎలా మొదలెట్టాలో తెలియక ఇలా మొదలెట్టాను.

నువ్వు బ్రేకు తొక్కావు. అది దిగలేదు. దిగకపోవడానికి కారణం నేను.

నీ కాలు కాలుతోందన్నావని నీ వైపు కార్పెట్ కింద రెండు పొరల ఫెల్టు వేశాను. నీకు చెప్పలేదు. పెడల్ దానికి ఆనుకుని ఆగిపోయింది. బొమ్మ కారులో అదే మందం వేస్తే బుల్లి పెడల్ కూడా అలాగే ఆగిపోయిందని మీ తమ్ముడు కనిపెట్టి నాకు రాశాడు. అసలు కార్పెట్ నా దగ్గరే ఉంది. దానిమీద నువ్వు తొక్కిన అచ్చు ఉంది. నువ్వు చెప్పినప్పుడు నమ్మలేదు, అచ్చు చూశాక నమ్మాను. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. నీ మాట నాకు చాలి ఉండాల్సింది.

ఈ రోజు పొద్దున ఆ కార్పెట్‌ను షెడ్డు గోడకు, అందరూ టీ తాగే చోట, మేకులు కొట్టి తగిలించాను. అందరినీ పిలిచాను. మెకానిక్‌నూ పిలిచాను. "తొక్కి ఉంటే ఆగేదని ఇక్కడే అన్నాను. తొక్కింది. పెడల్‌ను దిగకుండా ఆపింది నేను" అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మెకానిక్ అచ్చులో వేలు పెట్టి చూసి, "కార్పెట్ ఉండగా ఒకసారి తొక్కి చూడాల్సింది" అని తల పట్టుకున్నాడు. అక్కడినుంచి స్కూలు ఓనరు దగ్గరికి వెళ్ళాను. ఆ తర్వాత ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. చెయ్యి బాగానే ఉందట. వాళ్ళమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి నన్ను కడిగేసింది. పడ్డాను. చివర్లో ఆ అమ్మాయి నీ గురించి అడిగింది, మళ్ళీ నీ దగ్గరే నేర్చుకుంటానంది.

నిన్ను రమ్మని అడగడం లేదు. అడిగే ముఖం లేదు. కౌంటర్ ఉద్యోగం నీకు ఇష్టమైతే చెయ్యి. తప్పు చేశానని నమ్మి మాత్రం స్టీరింగ్ వదలకు. తప్పు నీది కాదు.

నువ్వు లేని ఇల్లు నాకు బాగోలేదు. ఇది కూడా ఇంతకుముందు చెప్పలేదు.

నీ భర్త


తమ్ముడింటి నుంచి

ఏమండీ,

ఉత్తరం అందింది. తమ్ముడు జ్వరమని దుప్పటి ముసుగేసి, సందులోంచి నా ముఖమే చూస్తున్నాడు. చదివాక వాణ్ణి లేపి, జ్వరం తగ్గిందా అని అడిగాను. తగ్గిందన్నాడు.

రెండు పొరలూ వేశాక ఆ పెడల్‌ను వాడికంటే ముందు నొక్కింది నేను. గోరు ఆనగానే తెలిసిపోయింది. ఆ రోజు నా కాలికి తగిలింది అదే, మెత్తగా తగిలి ఇక కదలనిది. నాకు పిచ్చి లేదని, కంగారు పడలేదని ఆ స్టూలు మీద కూర్చుని తెలుసుకున్నాను. అయినా పైకి అనలేదు. తమ్ముడు చెబుతాడా, మీరు చెబుతారా, లేక బావా బావమరిదీ కలిసి రెండో పొర గీకేసి నా చేతిలో కొత్త కారు పెడతారా, చూద్దామనుకున్నాను. డిపో కాగితాల మీద సంతకం చేసి చేతిసంచిలో పెట్టుకునే తిరిగాను. మీ ఇద్దరిలో ఎవరూ చెప్పకపోతే వాటిని ఇచ్చేసేదాన్నే. ఈ కొద్ది రోజులూ నేను పడ్డ నరకం, వచ్చినప్పటినుంచీ పడ్డదానికంటే ఎక్కువ.

మీమీద కోపం పోయిందని రాయను. కాలు కాలుతోందని నేను అన్నది నిజమే. ఏం చేస్తే బాగుంటుందని నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఇన్నేళ్ళలో మీరు నన్ను అడిగినవి తక్కువ, నాకోసం చేసినవి ఎక్కువ. ఇకముందు దాన్ని కొంచెం తిరగెయ్యండి.

అందరిముందూ చెప్పినందుకు నా గుండె బరువు దిగింది. చదువుతూ ఏడ్చాను, అది కూడా తెలుసుకోండి.

స్కూలు ఓనరు ఫోన్ చేశాడు. రమ్మన్నాడు, ఆలోచిస్తానన్నాను. ఇంటికి వచ్చే సంగతి కూడా ఇంకా తేల్చుకోలేదు. డిపో కాగితాలు చించలేదు, సంచిలోనే ఉన్నాయి. ముందు మీరు రండి.

బొమ్మ కారులో నా వైపు రెండో పొర తీయించేశాను. నూగు ఈసారి నేనే చల్లాను, తమ్ముడు జల్లెడ పట్టుకున్నాడు. మడమ దగ్గర అగ్గిపుల్లతో రుద్ది కాస్త అరగదీశాను. బాడీ తెచ్చుకోండి, ఇక్కడే బిగిద్దాం.

ఆదివారానికి ఇక్కడి డ్రైవింగ్ స్కూలు కారు అడిగి పెట్టాను. నా వైపు నేల మీద ఏమీ ఉంచొద్దని చెప్పాను, ఉత్త రేకే. స్టీరింగ్ ముందు మీరు కూర్చుంటారు. పక్కన నేను కూర్చుంటాను. కంగారులో మీరు ఏది తొక్కినా ఫరవాలేదు. నేను తొక్కుతాను, కారు ఆగుతుంది. అది ఆ సీట్లో కూర్చుని మీరు తెలుసుకోవాలి.

చెప్పులతో వస్తే కారెక్కనివ్వను. బూట్లు వేసుకుని రండి.

మీ టీచరమ్మ